పాతకాలపు రేడియో నియంత్రిత విన్యాస విమానాలు: ఆకర్షణకు మూలాలు – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

నేలపై నిలబడి రేడియో తరంగాలతో నడిపే నమూనా విమానాలలో 1960, 1970 దశకాలకు చెందిన విన్యాస విమానాలకు నేటికీ ప్రత్యేకమైన ఆదరణ ఉంది. వీటికంటే సులభంగా ఎగిరేవి, సిద్ధరూపంలో దొరికేవి విపణిలో విరివిగా ఉన్నప్పటికీ, కొందరు అర్ధశతాబ్దం నాటి నమూనాపటాలను ముందు పెట్టుకొని ఆనాటి విమానాలను మళ్లీ చేతితో నిర్మిస్తున్నారు, ఎగరవేస్తున్నారు. ఈ ఆకర్షణను కేవలం గతస్మృతిగా వివరించడం చాలదని ప్రస్తుత వ్యాసం ప్రతిపాదిస్తుంది. నిర్మాణంలోని చేతిపని, విన్యాసంలోని దేహజ్ఞానం, స్వచ్ఛందంగా స్వీకరించిన నియమం, మూలప్రతికీ దాని పునర్నిర్మాణానికీ మధ్య ఉన్న సంబంధం అనే నాలుగు కోణాల నుంచి ఈ విషయాన్ని పరిశీలిస్తుంది. తెలుగు సాహిత్య పరిశోధనకు సుపరిచితమైన ఛందస్సు, పాఠపరిష్కరణ భావనలను అవసరమైన చోట పోలికగా స్వీకరిస్తుంది.

కీలకపదాలు: నమూనా విమానం, రేడియో నియంత్రణ, వైమానిక విన్యాసం, చేతిపని, దేహజ్ఞానం, గతస్మృతి, పాఠాంతరం.

1. ప్రవేశిక

యంత్రం పాతబడితే దాన్ని పక్కన పెట్టి కొత్తదాన్ని తెచ్చుకోవడం లోకరీతి. కొత్త యంత్రం పాతదానికంటే పనిని సులువు చేస్తుందన్నది ఈ రీతికి ఆధారం. అయితే పని సులువు కావడమే ప్రయోజనం కాని రంగాలు కొన్ని ఉన్నాయి. అక్కడ ఈ తర్కం తలకిందులవుతుంది. వాటిలో నమూనా విమానాలను ఎగరవేసే అభిరుచి ఒకటి.

నేడు ఒక నమూనా విమానాన్ని ఎగరవేయాలనుకునే వ్యక్తికి నురుగు పదార్థంతో అచ్చుపోసిన విమానం, విద్యుత్ మోటారు, విమానాన్ని తనంతట తానే సమతలంలో నిలిపే ఎలక్ట్రానిక్ పరికరం అన్నీ ఒకే పెట్టెలో దొరుకుతాయి. పెట్టె విప్పిన రోజునే ఎగరవేయవచ్చు. ఇంతటి సౌలభ్యం ఉండగా, నెలల తరబడి బాల్సా చెక్కను కోసి, అతికించి, నునుపు చేసి, పొగ కక్కే ఇంజను బిగించి, ఒక్క పొరపాటుతో ముక్కలు కాగల విమానాన్ని ఆకాశంలోకి పంపేవారు ఎందుకు ఉన్నారన్నది ఇక్కడి ప్రధానప్రశ్న.

జానపద క్రీడలను, చేతివృత్తులను అధ్యయనం చేసిన పద్ధతులు యంత్రాధారితమైన అభిరుచులకు కూడా వర్తిస్తాయి. పనిముట్టు, పదార్థం, నైపుణ్యం, నియమం, గురుశిష్య సంక్రమణం అనే అంశాలు రెండింటిలోనూ ఉన్నాయి. ఆ దృష్టితో చూస్తే ఈ విషయం ఇంజనీర్లకే పరిమితమైనది కాదని స్పష్టమవుతుంది.

2. పరిధి, పరిభాష

విన్యాస విమానం అంటే ఆకాశంలో నిర్దిష్టమైన ఆకృతులను గీయడానికి రూపొందించిన విమానం. నిలువు వలయం తిరగడం లూప్. ముందుకు సాగుతూనే తన పొడవును ఇరుసుగా చేసుకొని దొర్లడం రోల్. రెక్కలు గాలిపై పట్టు కోల్పోయిన స్థితిలో సుడి తిరుగుతూ కిందికి దిగడం స్పిన్. ఈ మూలవిన్యాసాలను కలిపి, విడదీసి, తలకిందులు చేసి మిగిలినవన్నీ కూర్చుతారు. అర్ధవలయం, అర్ధభ్రమణం కలిస్తే ఇమెల్‌మన్ అవుతుంది. మొదటి ప్రపంచయుద్ధకాలపు జర్మన్ వైమానికుడు మాక్స్ ఇమెల్‌మన్ పేరు దీనికి స్థిరపడింది.

నమూనా విమానాలతో ఇటువంటి విన్యాసాలను నిర్ణీతక్రమంలో ప్రదర్శించే పోటీని ఆంగ్ల వ్యవహారంలో 'ప్యాటర్న్' అంటారు. అంతర్జాతీయ వైమానిక సమాఖ్య దీనికి ఎఫ్3ఎ అనే వర్గనామాన్ని ఇచ్చింది. న్యాయనిర్ణేతలు ప్రతి విన్యాసాన్నీ 10 మార్కుల నుంచి మొదలుపెట్టి, లోపం కనిపించిన కొద్దీ తగ్గిస్తూ వస్తారు. విన్యాసపు క్లిష్టతను బట్టి నిర్ణయించిన గుణకంతో ఆ మార్కులను హెచ్చిస్తారు. వేగానికి గాని, ఎత్తుకు గాని ఇక్కడ విడిగా మార్కులు లేవు. గీసిన గీత శుద్ధంగా ఉందా లేదా అన్నదే కొలమానం.

ఏ విమానాన్ని 'పాతకాలపుది' అనాలన్న విషయంలో ఒక్కొక్క సంఘం ఒక్కొక్క హద్దు గీసుకొంది. అమెరికాలోని సీనియర్ ప్యాటర్న్ అసోసియేషన్ 1976కు పూర్వం రూపొందిన నమూనాలను పరిగణిస్తుంది. ఇక్కడ గమనించవలసింది విమానం ఎప్పుడు నిర్మితమైందన్నది కాదు. దాని రూపకల్పన ఎప్పటిదన్నదే ప్రమాణం. నిన్న నిర్మించిన విమానం కూడా పాతకాలపుదే కావచ్చు. ఈ నిర్వచనంలోని విశేషాన్ని ఏడో విభాగంలో చర్చించడం జరుగుతుంది.

3. చారిత్రక నేపథ్యం

1930ల చివరలో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రానికి చెందిన వాల్టర్ గుడ్, విలియం గుడ్ సోదరులు 'గఫ్' అనే నమూనా విమానాన్ని రేడియోతో నడిపారు. ఈ రంగపు తొలి విజయాలలో ఒకటైన ఆ విమానం నేడు స్మిత్‌సోనియన్ సంస్థ సంరక్షణలో ఉంది. అయితే నాటి పరికరాలతో సాధ్యమైన నియంత్రణ చాలా పరిమితం. తర్వాత చాలాకాలం వాడుకలో ఉన్న ఎస్కేప్‌మెంట్ పద్ధతిలో పైలట్ చేతిలో ఒకే ఒక మీట ఉండేది. మెలితిప్పిన రబ్బరు పట్టీ శక్తితో కదిలే చిన్న యంత్రాంగం ఒకసారి నొక్కితే చుక్కానిని ఒక వైపుకు, మరోసారి నొక్కితే రెండో వైపుకు తిప్పేది. ఇప్పుడు ఏ వైపు వంతు అన్నది పైలట్ గుర్తుపెట్టుకోవాలి. మరిచిపోతే విమానం అనుకోని వైపుకు మళ్లుతుంది.

1950లలో 'రీడ్' పద్ధతి వ్యాప్తిలోకి వచ్చింది. వేరువేరు స్వరస్థాయులకు స్పందించి కంపించే సన్నని ఉక్కు నాలుకలు దీనికి ఆధారం. భూమి మీది నుంచి ఒక స్వరాన్ని పంపితే దానికి సరిపోయే నాలుక మాత్రమే కంపించి, ఒక నియంత్రణ తలాన్ని ఒక దిశలో కదిలిస్తుంది. హార్మోనియం మెట్లు తెలిసినవారికి ఈ సూత్రం తేలికగానే అర్థమవుతుంది. ఇందులో ఉన్న చిక్కు ఏమిటంటే, తలం పూర్తిగా కదులుతుంది లేదా యథాస్థానానికి వస్తుంది. నడిమి స్థితి లేదు. కొంచెం మాత్రమే తిప్పాలంటే మీటను చకచకా తట్టుతూ ఉండాలి. నాటి పైలట్ల వేళ్లు ఒక విధంగా తాళం వేసేవని చెప్పవచ్చు.

1960లో స్విట్జర్లాండ్‌లోని డ్యూబెన్‌డార్ఫ్‌లో జరిగిన తొలి ప్రపంచ పోటీలో అమెరికాకు చెందిన ఎడ్ కజ్‌మిర్‌స్కీ 'ఓరియన్' అనే విమానంతో గెలిచాడు. తర్వాత ఆయన రూపొందించిన 'టారస్' ఎందరో నిర్మాతల చేతుల్లోకి వెళ్లింది. ఆ దశకంలోనే అనుపాత నియంత్రణ స్థిరపడింది. పైలట్ బొటనవేలు ఎంత కదిలితే విమానంలోని తలం అంతే కదలడం దీని లక్షణం. వేలికీ, రెక్కకూ మధ్య అవిచ్ఛిన్నమైన సంబంధం ఏర్పడింది. 1967లో కోర్సికా ద్వీపంలో జరిగిన ప్రపంచ పోటీలో ఫిల్ క్రాఫ్ట్ 'క్విక్ ఫ్లై' వరుసలోని మూడో నమూనాతో విజేతగా నిలిచాడు. ఆయన అనుపాత రేడియో పరికరాల తయారీదారు కూడా. సరళమైన గీతలతో, తక్కువ శ్రమతో నిర్మించగలిగిన ఆ విమానం నేటికీ పాతకాలపు పోటీలలో కనిపిస్తుంది.

1970లలో 10 ఘనసెంటీమీటర్ల ఇంజన్లు, ఎగిరిన వెంటనే లోపలికి ముడుచుకునే చక్రాలు, శ్రుతి చేసిన పొగగొట్టాలు వచ్చాయి. సుమారు ఒకటిన్నర మీటర్ల రెక్కల విస్తృతి, మూడు మూడున్నర కిలోల బరువు ఉన్న ఈ విమానాలు గంటకు 160 కిలోమీటర్ల వేగాన్ని అందుకోగలిగేవి. లీక్టెన్‌స్టయిన్‌కు చెందిన వోల్ఫ్‌గాంగ్ మాట్, ఆస్ట్రియాకు చెందిన హానో ప్రెట్‌నర్ వంటివారు ఈ శైలిని శిఖరానికి చేర్చారు. 1980ల మధ్యలో నియమావళి మారింది. విన్యాసానికీ విన్యాసానికీ నడుమ ఉండే స్వేచ్ఛాగమనం తొలగి, మలుపు కూడా మార్కులు పడే విన్యాసమే అయింది. ఒక పరిమిత చతురస్రంలో నిరంతరంగా, నెమ్మదిగా, సమవేగంతో ఎగిరే విమానాలు అవసరమయ్యాయి. వేగం మీద ఆధారపడిన పాత నమూనాలు అంతటితో పోటీల నుంచి తప్పుకొన్నాయి. గట్టితనం కోల్పోయి కాదు, ఆట నియమం మారిపోయి అవి పాతవయ్యాయన్న విషయం గమనార్హం.

4. చేతిపని: చెక్క, ఇంజను, ఆముదం

ఈ విమానాల దేహం బాల్సా చెక్క. దక్షిణ అమెరికాలోని ఈక్వడార్ దీనికి ప్రధాన ఉత్పత్తిస్థానం. నమూనాలకు వాడే బాల్సా ఘనమీటరుకు సుమారు 100 నుంచి 200 కిలోల బరువు తూగుతుంది. నీటి బరువులో ఇది అయిదోవంతు లేదా అంతకంటే తక్కువ. ఒకే దుంగ నుంచి కోసిన పలకలలో కూడా బరువు, బిగువు వేరువేరుగా ఉంటాయి. అందుచేత నిర్మాత ప్రతి పలకనూ చేతితో తూచి, వంచి, వెలుతురులో పట్టి చూసి, ఏది రెక్కల దూలానికి, ఏది తోకకు అన్నది నిర్ణయిస్తాడు. తోకలో పెరిగిన కొద్దిపాటి బరువు కూడా గురుత్వకేంద్రాన్ని వెనక్కి లాగి విమానాన్ని చపలం చేస్తుంది. దాన్ని సరిదిద్దడానికి ముక్కులో మరింత బరువు చేర్చవలసి వస్తుంది. వడ్రంగికి కొయ్య గురించి ఉండే ఎరుక వంటిదే ఇది. నమూనాపటంలో కొలతలు ఉంటాయి గాని ఈ ఎరుక ఉండదు.

ఇంజనుది మరొక తీరు. 1947లో రే ఆర్డెన్ విపణిలోకి తెచ్చిన గ్లో ప్లగ్‌తో నమూనా ఇంజన్లకు బరువైన నిప్పురవ్వ పరికరాల అవసరం తప్పింది. ప్లాటినం కలిసిన సన్నని తీగచుట్టను మొదట బ్యాటరీతో ఎర్రగా కాలుస్తారు. ఇంజను అందుకున్న తర్వాత బ్యాటరీని తీసివేస్తారు. దహనపు వేడి, మిథనాల్‌తో ప్లాటినం జరిపే ఉత్ప్రేరక చర్య కలిసి ఆ తీగను ఆరిపోకుండా కాపాడతాయి.

ఇంధనంలో మిథనాల్‌తో పాటు కందెనగా కలిపేది ఆముదం. నాలుగు పాళ్లు మిథనాల్‌కు ఒక పాలు ఆముదం అన్నది ప్రసిద్ధమైన పాత మిశ్రమం. ఆల్కహాలులో కరిగే గుణం, అధిక ఉష్ణోగ్రతలో కూడా లోహాన్ని అంటిపెట్టుకొని ఉండే గుణం దీని ఎంపికకు కారణాలు. మొదటి ప్రపంచయుద్ధకాలపు రోటరీ ఇంజన్లలో కూడా ఆముదాన్నే వాడారు. ఆముదం ఉత్పత్తిలో భారతదేశానిదే ప్రపంచంలో అగ్రస్థానం. గుజరాత్ తర్వాతిదే అయినా, నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల మెట్టభూములకు కూడా ఇది చిరకాలంగా తెలిసిన పంట. దీపానికీ, తలకూ, వైద్యానికీ తెలుగు ఇళ్లలో వాడిన ఆముదమే విదేశీ మైదానాలలో ఇంజన్ల పొగలో గుబాళించింది. పాత పైలట్లు తమ అభిరుచిని తలచుకొనేటప్పుడు ముందుగా చెప్పేది తరచు ఈ వాసన గురించే. ఇంజన్లో చాలాకాలం నిలిచిపోయిన ఆముదం గోధుమరంగు బంకగా గట్టిపడి బేరింగులను పట్టేస్తుంది. పాత ఇంజనును వేడి చేసి, ఆ బంకను కరిగించి, మళ్లీ తిరిగేలా చేయడం ఈ అభిరుచిలో ఒక ప్రత్యేక నైపుణ్యం.

ఇంజను శ్రుతి చెవికి సంబంధించిన విద్య. సూదిమర ఒక్క మెట్టు బిగిస్తే ఇంధనం తగ్గి శబ్దం పదునెక్కుతుంది. వదులు చేస్తే పొగ ఎక్కువై శబ్దం మొద్దుబారుతుంది. నేలపై బాగా పలికిన ఇంజను, విమానం నిట్టనిలువుగా ఎక్కేటప్పుడు ఇంధనం అందక ఆగిపోవచ్చు. అందువల్ల ఎగరవేసే ముందు విమానం ముక్కును పైకెత్తి పట్టుకొని శబ్దంలోని మార్పును వింటారు. శ్రుతి చేసిన పొగగొట్టంలో ఈ సున్నితత్వం మరింత పెరుగుతుంది. గొట్టం చివర నుంచి వెనుదిరిగిన ఒత్తిడి తరంగం, బయటికి జారిపోతున్న తాజా మిశ్రమాన్ని సరైన క్షణంలో సిలిండరులోకి తిరిగి నెట్టాలి. గొట్టం పొడవు తప్పితే తరంగం వేళ తప్పుతుంది. వైణికుడు బిరడా తిప్పుతూ వినేటంతటి శ్రద్ధ ఇక్కడ అవసరమవుతుంది.

5. విన్యాసం: దేహజ్ఞానం

విమానంలో కూర్చున్న వైమానికుడికి తన దేహమే ఒక కొలమానం. మలుపులోని ఒత్తిడి, తలకిందులైనప్పటి వేలాడే భావన అతడికి సమాచారాన్ని అందిస్తాయి. నేలపై నిలబడిన పైలట్‌కు ఇవేవీ లేవు. సుమారు నూట యాభై మీటర్ల దూరంలో కనిపించే చిన్న ఆకృతి, దాని శబ్దం మాత్రమే అతడికి ఆధారాలు. పైగా విమానం తన నుంచి దూరంగా పోతున్నంతసేపు దాని కుడిఎడమలు, తన కుడిఎడమలు ఒక్కటే. అది తనవైపు తిరిగిన మరుక్షణం అవి తారుమారవుతాయి. తలకిందులైతే ఎత్తు, దిగుడు కూడా తారుమారు. ఆలోచించి సరిచూసుకొనే వ్యవధి ఉండదు. ఈ దిక్కుల మార్పిడి వేళ్లలోకి ఇంకిపోయి ఉండాలి.

నిదానభ్రమణాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. విమానం సరళరేఖలో, ఎత్తు మారకుండా సాగుతూ ఒక పూర్తి చుట్టు దొర్లాలి. కుడివైపు దొర్లడం మొదలుపెట్టినప్పుడు రెక్కలు క్రమంగా నిలువవుతాయి. నిలువు రెక్క విమానాన్ని మోయలేదు. అప్పుడు ఎడమ చుక్కాని ఇచ్చి ముక్కును పైకి నిలపాలి. విమానం తలకిందులయ్యేసరికి ఆ చుక్కానిని పూర్తిగా తీసివేసి, ఎలివేటర్ కర్రను ముందుకు నెట్టాలి. మళ్లీ రెక్కలు నిలువయ్యేటప్పుడు ఈసారి కుడి చుక్కాని కావాలి. చివరికి అన్నీ యథాస్థితికి రావాలి. ఇదంతా జరుగుతున్నంతసేపు దొర్లుడు వేగం మారకూడదు. ఒక నియంత్రణ పెరుగుతూ ఉండగా మరొకటి తరుగుతూ ఉంటుంది. రెండు చేతుల బొటనవేళ్లు వేరువేరు నడకలలో ఒకే లయకు కట్టుబడి కదలాలి.

ఆధునిక పోటీ విమానాలలో లోతైన దేహం, జాగ్రత్తగా లెక్కించిన రెక్క స్థానం కారణంగా చుక్కాని ఇచ్చినప్పుడు అనవసరపు పక్కచలనాలు చాలావరకు తగ్గిపోయాయి. 1960ల నాటి విమానంలో అలా కాదు. సన్నని దేహం పక్కవాటుగా ఎగిరేటప్పుడు తగినంత ఊతం ఇవ్వదు. రెక్కల ఎగువ వంపు కారణంగా చుక్కానితో పాటు దొర్లుడు కూడా వస్తుంది. కాబట్టి ఒకే విన్యాసానికి పాత విమానంలో ఎక్కువ సవరణలు అవసరం. అయితే ఈ పోలికకు మరో పార్శ్వం కూడా ఉంది. వేగంగా దూసుకుపోయే పాత విమానాన్ని ఈదరగాలి అంత తేలికగా కదిలించలేదు. నెమ్మదిగా ఎగిరే కొత్త విమానాన్ని గాలిలో నిలకడగా ఉంచడం ఆధునిక పైలట్‌కు పెద్ద పరీక్ష. కాబట్టి పాతదే కష్టం, కొత్తది సులభం అన్న సాధారణ తీర్మానం నిలవదు. రెండింటి కష్టం వేరువేరు స్వభావాలది. పాత విమానపు కష్టం యంత్రానికీ, మనిషికీ మధ్య నిరంతరం సాగే బేరం వంటిది. దాని నడత ఎరిగినవాడికే అది లొంగుతుంది. ఈ 'నడత ఎరగడం' అన్నదే అభిమానులు ఆనందంగా చెప్పుకొనే అనుభవం.

మనస్తత్వవేత్త మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయ్ 1975లో వెలువరించిన గ్రంథంలో, సవాలూ సామర్థ్యమూ సరితూగినప్పుడు మనిషి కాలస్పృహను మరిచి పనిలో లీనమవుతాడని ప్రతిపాదించాడు. సవాలు తక్కువైతే విసుగు, ఎక్కువైతే ఆందోళన కలుగుతాయని ఆయన వివరణ. విమానాన్ని తానే నిలబెట్టే పరికరం సవాలును తగ్గించి ఈ తూకాన్ని చెడగొడుతుంది. పాత విమానం ఆ తూకాన్ని తిరిగి పైలట్ చేతికి ఇస్తుంది.

6. స్వచ్ఛంద నియమం

తత్త్వవేత్త బెర్నార్డ్ సూట్స్ 1978లో ప్రచురించిన 'ద గ్రాస్‌హాపర్' గ్రంథంలో ఆటను నిర్వచిస్తూ, అవసరం లేని అవరోధాలను ఇష్టపూర్వకంగా స్వీకరించడం దాని సారమన్నాడు. బంతిని రంధ్రంలో వేయడమే లక్ష్యమైతే చేతితో వేయవచ్చు. కర్రతో కొట్టాలన్న నియమం ఉన్నందువల్లనే అది గోల్ఫ్ అవుతుంది. పాతకాలపు విమానాన్ని ఎంచుకోవడం ఇటువంటి నియమస్వీకారమే. ఆకాశంలో వలయం గీయడానికి మెరుగైన సాధనం ఉందని తెలిసీ, 1976కు పూర్వపు సాధనంతోనే గీయాలని సంకల్పించడంలో ఆట ఉంది.

తెలుగు సాహిత్య విద్యార్థికి ఈ భావన కొత్త కాదు. భావాన్ని వచనంలో చెప్పడానికి ఏ అడ్డూ లేదు. అయినా కవి గణాలను, యతిప్రాసలను స్వీకరిస్తాడు. అవధాని మరింత ముందుకు వెళ్లి, పృచ్ఛకుడు ప్రతి అడుగులో అక్షరాన్ని నిషేధిస్తూ ఉండగా పద్యాన్ని పూరిస్తాడు. నిషిద్ధాక్షరిలో సభ ఆనందించేది పద్యార్థాన్ని మాత్రమే కాదు, నిషేధాన్ని దాటిన తీరును కూడా. చతురస్రం గీయమన్నప్పుడు మూలలు సమంగా రావడాన్ని చూసే న్యాయనిర్ణేత దృష్టి, యతిస్థానాన్ని గమనించే పండితుడి దృష్టి ఒకే కోవకు చెందినవి. రెండుచోట్లా నియమం తెలియనివారికి కనిపించేది వేరు, తెలిసినవారికి కనిపించేది వేరు. కింద నిలబడి చూసే సామాన్యప్రేక్షకుడికి నిదానభ్రమణం ఒక దొర్లుడు మాత్రమే. తెలిసినవాడికి అది తప్పులన్నింటినీ తప్పించుకొని వచ్చిన ఒక సరళరేఖ.

అయితే ఈ పోలికకు హద్దు ఉంది. పద్యం తప్పితే కవి మళ్లీ రాసుకోవచ్చు. విన్యాసం నేలకు దగ్గరగా తప్పితే నెలల శ్రమ క్షణంలో పోతుంది. మరమ్మతు సాధ్యమయ్యే చోట కూడా బరువు పెరుగుతుంది, నడత మారుతుంది. ఈ నష్టభయం ఆటను నిజం చేస్తుంది.

7. మూలం, ప్రతి, పాఠాంతరం

నెల్సన్ గుడ్‌మన్ 1968లో 'లాంగ్వేజెస్ ఆఫ్ ఆర్ట్' గ్రంథంలో కళలను రెండు తెగలుగా విభజించాడు. చిత్రలేఖనంలో మూలచిత్రానికి ఎంత దగ్గరగా గీసినా నకలు నకలే. సంగీతంలో అలా కాదు. స్వరలిపిని అనుసరించి ఎవరు పాడినా అది ఆ కృతే. మొదటి తెగలో కర్త హస్తం ప్రధానం, రెండో తెగలో లిఖితరూపం ప్రధానం. పాతకాలపు విమానం ఈ రెండో తెగకు చెందుతుందని దాని నిర్వచనమే చెబుతోంది. విమానం ప్రాచీనత దాని చెక్కలో లేదు, నమూనాపటంలో ఉంది. 'మోడల్ ఎయిర్‌ప్లేన్ న్యూస్', 'రేడియో కంట్రోల్ మోడలర్' వంటి పత్రికలు నాడు ప్రచురించిన పటాలు ఈ సంప్రదాయానికి మూలగ్రంథాలు.

మూలగ్రంథం ఉన్న చోట పాఠభేదాలూ తప్పవు. పటంలో ఉన్న పట్టుగుడ్డ, డోపు పూతలకు బదులు వేడికి బిగిసే ప్లాస్టిక్ పొర వాడవచ్చా? పాత రేడియో స్థానంలో 2.4 గిగాహెర్ట్జ్ పరికరం ఉంచవచ్చా? ఇంజను తీసి విద్యుత్ మోటారు బిగిస్తే అది ఇంకా టారస్ అవుతుందా? ప్రతి సంఘం తన నియమావళిలో వీటికి జవాబు చెప్పుకోవలసి వస్తుంది. బాహ్యరేఖలు మారకూడదన్న నియమం సాధారణం. రేడియో విషయంలో ఉదారత సాధారణం. దీనికి కారణం భద్రత. పాత తరంగదైర్ఘ్యాలలో ఇద్దరు ఒకే ఛానెల్‌ను వాడితే విమానం కూలుతుంది. ఆ ప్రమాదాన్ని తప్పించడానికి మైదానంలో ఒక బల్లకు ఛానెల్ అంకెలున్న క్లిప్పులు తగిలించి, క్లిప్పు తీసుకున్నవాడే ప్రసారిణిని వాడాలన్న కట్టుబాటు ఉండేది.

తాళపత్రాల నుంచి కావ్యాలను పరిష్కరించిన పండితులు ఇటువంటి ప్రశ్నలనే ఎదుర్కొన్నారు. సి.పి. బ్రౌన్ పండితులను నియమించి అనేక ప్రతులను సేకరింపజేసి, సరిపోల్చి శుద్ధప్రతులు రాయించాడు. లేఖకుడి పొరపాటు ఏది, కవి ప్రయోగం ఏది అని నిర్ణయించడం అక్కడి సమస్య. పాత పటాల విషయంలోనూ అంతే. అచ్చులో గీత జరిగిందా, రూపకర్త ఉద్దేశపూర్వకంగానే ఆ కోణం పెట్టాడా అన్నది నిర్మాత తేల్చుకోవాలి. పత్రికలో అచ్చయిన పటానికీ, పోటీలో గెలిచిన అసలు విమానానికీ తేడాలు ఉండవచ్చు. అప్పుడు నాటి ఛాయాచిత్రాలు, కిట్ రూపంలో వచ్చిన భాగాలు, ప్రత్యక్షంగా చూసినవారి మాటలు సాక్ష్యాలవుతాయి. వీటికి తోడు ఇంకొక సాక్ష్యం ఉంది. నిర్మించి ఎగరవేస్తే విమానం తన పాఠం సరైనదో కాదో తానే చెబుతుంది. పాఠపరిష్కర్తకు లేని వెసులుబాటు ఇది.

8. గతస్మృతి: దాని బలం, పరిమితి

ఇదంతా చెప్పిన తర్వాత కూడా గతస్మృతి పాత్రను కాదనలేం. పాఠశాల వయసులో పత్రిక ముఖచిత్రంగా చూసి, కొనే స్తోమత లేక వదిలేసిన విమానాన్ని ఉద్యోగవిరమణ తర్వాత నిర్మించుకోవడం ఈ రంగంలో సుపరిచితమైన ధోరణి. స్వెట్లానా బోయ్‌మ్ 2001లో ప్రచురించిన 'ద ఫ్యూచర్ ఆఫ్ నోస్టాల్జియా'లో గతస్మృతిని రెండు విధాలుగా గుర్తించింది. పోయిన దాన్ని ఉన్నదున్నట్లు తిరిగి నిలపాలనుకోవడం ఒకటి, పోయిందన్న ఎరుకతోనే దాన్ని నెమరువేసుకోవడం మరొకటి. పాత విమానాల అభిమానులలో ఈ రెండూ కనిపిస్తాయి. పట్టుగుడ్డ, పాత ఇంజను, ఆనాటి రంగులు తప్ప ఒప్పుకోనివారు మొదటి కోవ. కొత్త రేడియోతో పాత రూపాన్ని ఎగరవేసి తృప్తిపడేవారు రెండో కోవ.

అయితే గతస్మృతి ఒక్కటే కారణమైతే, ఆ విమానాలను గోడకు తగిలించుకొని చూసుకున్నా సరిపోవాలి. ఆనాటికి పుట్టనివారు వీటిని ఎగరవేయడానికి కారణం ఉండకూడదు. ఆధునిక పోటీలలో పాల్గొనేవారు వీటివైపు మళ్లకూడదు. ఈ మూడూ జరుగుతున్నాయి కాబట్టి గతస్మృతి ఈ అభిరుచికి ద్వారం మాత్రమేనని, లోపల నిలిపి ఉంచేది చేతిపని, విన్యాసం, నియమం కలిసిన అనుభవమని భావించవచ్చు.

9. భద్రపరచడమా, ఎగరవేయడమా

ఈ అభిరుచికి కేంద్రంలో ఒక సందిగ్ధత ఉంది. అమెరికాలోని ఇండియానా రాష్ట్రం మన్సీ పట్టణంలో అకాడమీ ఆఫ్ మోడల్ ఏరోనాటిక్స్ నిర్వహించే మ్యూజియం పాత నమూనాలను భద్రపరుస్తోంది. అక్కడి విమానం చెడిపోదు, అయితే ఎగరదు కూడా. ఎగిరే విమానం తన స్వభావాన్ని చూపుతుంది, ఏదో ఒకనాడు నశిస్తుంది. నమూనాపటం ఉన్నందువల్ల విమానం నశించినా మళ్లీ నిర్మించవచ్చు. పటంలో లేనిది మాత్రం అలా తిరిగి రాదు. చెక్కను ఎంచే వేలి స్పర్శ, ఇంజనును వినే చెవి, రీడ్ మీటలను తట్టే లయ పటంలో లేవు. అవి మనుషుల్లో ఉన్నాయి. వాటిని ఎరిగిన తరం వృద్ధాప్యంలో ఉంది. ఇంజన్ల శబ్దం మీద ఆంక్షలు, నగరాల విస్తరణతో తరిగిపోతున్న మైదానాలు ఈ సంక్రమణాన్ని మరింత కష్టతరం చేస్తున్నాయి.

యక్షగానం రాతప్రతులు గ్రంథాలయాల్లో పదిలంగా ఉన్నా, దరువు నడక తెలిసిన ఆఖరి భాగవతుడితో ప్రదర్శనరీతి అంతరించే ప్రమాదం తెలుగు పరిశోధకులకు తెలిసినదే. పాఠాన్ని కాపాడటం, ప్రయోగాన్ని కాపాడటం రెండు వేరువేరు పనులు. రెండో పనికి ప్రయోగం తప్ప మార్గం లేదు.

10. ముగింపు

పై పరిశీలన నుంచి కొన్ని విషయాలు తేలుతున్నాయి. పాతకాలపు విన్యాస విమానాల ఆకర్షణ పాతదనం మీద మాత్రమే ఆధారపడి లేదు. యంత్రం చేయగలిగిన పనిని మనిషి తిరిగి తన చేతుల్లోకి తీసుకోవడంలో ఆ ఆకర్షణ ఉంది. అవి నియమం మారడం వల్ల పోటీ నుంచి తొలగాయి. మరో నియమాన్ని కల్పించుకోవడం ద్వారా తిరిగి ఆటలోకి వచ్చాయి. వాటి ఉనికి వస్తువులో కాక పటంలోను, పటాన్ని ప్రయోగంగా మార్చే నైపుణ్యంలోను ఉంది. ఈ రెండింటిలో మొదటిది కాగితం మీద నిలుస్తుంది, రెండోది సాధన ఉన్నంతకాలమే నిలుస్తుంది.

తెలుగు ప్రాంతాలకు సంబంధించి ఇక్కడి నుంచి కొనసాగించదగిన పరిశోధన ఉంది. నేషనల్ కేడెట్ కోర్ వైమానిక విభాగం శిక్షణలో నమూనా విమానాల నిర్మాణం భాగం. ఆ విభాగంలో శిక్షణ పొందినవారు, శిక్షణ ఇచ్చినవారు తెలుగు రాష్ట్రాల కళాశాలల్లో ఉన్నారు. వారు వాడిన పదజాలాన్ని, పని నేర్పిన తీరును మౌఖికచరిత్రగా నమోదు చేయడం, వృత్తిపదకోశాల పద్ధతిలో సేకరించడం భాషాపరంగానూ ఉపయోగకరం. వడ్రం, నేత, కుమ్మరం పదాలను సేకరించిన పద్ధతులు ఇందుకు సిద్ధంగా ఉన్నాయి. ఆ సేకరణ ఎగరవేసిన చేతులు ఉండగానే జరగవలసి ఉంది.